ఇరవై ఒకటో వంతు

కుముదిని చేసే పనేమిటో ఖమ్మంలో ఉన్న చుట్టాలకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. "జర్మనీలో బ్యాంకు ఉద్యోగం" అని గొప్పగా చెప్పుకుంటారు. లోను ఇప్పించమని ఒకరిద్దరు ఫోన్లు కూడా చేశారు. పాపం ఆమె బ్యాంకులో పనిచేయదు, ఎవరికీ లోను ఇప్పించలేదు. కార్ల్స్‌రూహెలో ట్రాము దిగి రెండు వీధులు నడిస్తే వచ్చే ఒక మామూలు ఆఫీసులో కూర్చుని బొమ్మలు చదువుతుంది. ఎవరి ఖాతాలోంచి ఎవరి ఖాతాలోకి డబ్బు పోయిందో చూపించే బొమ్మలు అవి. ఖాతా ఒక చుక్క, డబ్బు నడిచిన దారి ఒక గీత. పెద్ద మొత్తమైతే గీత లావుగా ఉంటుంది, చిన్నదైతే సన్నగా ఉంటుంది. కొన్ని చిన్న బ్యాంకులు ఈ పనిని వాళ్ల ఆఫీసుకి అప్పగించాయి. తేడాగా కనిపించినవాటిని కంప్యూటరు ఏరి పెడుతుంది. అది దొంగసొమ్మో సంసారుల సొమ్మో మాత్రం మనిషే తేల్చాలి.

చూసేవాళ్లకి అదంతా ముగ్గులా ఉంటుంది. కుముదినికి మాత్రం పన్నెండేళ్ల అలవాటు మీద ఆకారాలు మనుషుల్లాగా గుర్తుపట్టే చూపు వచ్చేసింది. కొత్తగా చేరినవాళ్లకు తనే పాఠం చెబుతుంది. నలుగురు ఒకడికి ఇస్తే గొడుగు. ఒకడు ఇంకొకడికి, వాడు మరొకడికి తోసుకుంటూ పోతే గొలుసు. తిరిగి తిరిగి మొదటివాడి దగ్గరికే చేరితే గిరక. గొడుగు చూసి కంగారు పడొద్దు, గొలుసు చూస్తే కాఫీ పక్కన పెట్టండి, గిరక కనిపిస్తే నన్ను పిలవండి, అంటుంది.

ఆ ఆఫీసులో ఒక మంచి పద్ధతి ఉంది. బొమ్మ చదివేటప్పుడు పేర్లు కనిపించవు, అంకెలే ఉంటాయి. పేరు చూస్తే ఊరూ రంగూ మనసులోకి వచ్చి తీర్పు పక్కకి జారుతుందని పైఅధికారి ఉల్రికె పెట్టిన నియమం అది. ముందు ఆకారం గురించి అభిప్రాయం రాయాలి, ఆ తర్వాతే పేర్లు తెరవాలి. ఉల్రికె అదే ఊరిలో పుట్టి పెరిగిన మనిషి, రెండేళ్లలో రిటైరవుతుంది. ఆవిడ కళ్లద్దాల వెనకనుంచి చూస్తే ఎదుటివాడు చేయని తప్పు కూడా ఒప్పుకుంటాడు.

మే నెలలో ఒక మంగళవారం ఉదయం ఆ ఉల్రికె కుర్చీ లాక్కుని కుముదిని పక్కన కూర్చుంది.

"ఇది చూడు. ఒక మనిషికి ఇరవై ఒక్క నెలలుగా ప్రతినెలా పుట్టినరోజు."

తెర మీద నడుమ ఒక చుక్క, చుట్టూ ఇరవై చుక్కలు ఉన్నాయి. నెలనెలా చుట్టూ ఉన్నవాళ్లంతా నడిమి చుక్కకి ఒకే మొత్తం పంపిస్తున్నారు. ఒక నెల నూట యాభై రెండు యూరోలు, మరో నెల నూట అరవై ఒకటి. నెలకో మొత్తం, కానీ ఆ నెలలో అందరిదీ ఒకటే. ఎందుకు పంపుతున్నారో రాయాల్సిన చోట అందరూ ఒకే మాట రాశారు. బర్త్‌డే గిఫ్ట్. కంప్యూటరు అలారం మోగించిందంటే మోగించదా మరి.

ఉల్రికె వచ్చిన అసలు కారణం అది కూడా కాదు. నాలుగు రోజుల కిందట ఆ నడిమి చుక్కనుంచి నాలుగు వేల రెండు వందల యూరోలు ఇండియాలో ఒక ఖాతాకి బయలుదేరాయి. ఆ ఖాతా అంతకుముందు ఈ బొమ్మలో ఎక్కడా లేదు. బ్యాంకు ఆ డబ్బుని ఆపి పెట్టింది. గురువారం మధ్యాహ్నంలోగా కుముదిని తేల్చాలి. అనుమానం ఉందని రాస్తే కేసు అధికారుల దగ్గరికి పోతుంది, ఖాతా మూతపడుతుంది, ఆ డబ్బు ఎన్ని నెలలు కదలకుండా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. లేదని రాస్తే అదే రోజు వెళ్లిపోతుంది.

ఉల్రికె లేచి వెళ్లాక కుముదిని మొదటి నెలనుంచి బొమ్మని ఒక్కో నెలా నడిపించింది. మొదటి నెల అందరూ ఇచ్చింది నడిమివాడి దగ్గరే ఉండిపోయింది. రెండో నెల అంతా పోగై ఎడమవైపు చుక్కకి పోయింది. మూడో నెల పైచుక్కకి, నాలుగో నెల కింద ఇంకోదానికి. ఒకసారి తీసుకున్న చుక్క మళ్లీ తీసుకోలేదు. తీసుకున్నాక ఇవ్వడం మానలేదు. వంతుకు వంతు, ఒకరి తర్వాత ఒకరు.

అయిదో నెల నడిపించేసరికి ఆమె చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. ఆరో నెల నడిపించి నవ్వింది. ఏడో నెలకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎదురు బల్ల వాళ్లు చూస్తారని కళ్లద్దాలు తుడుచుకుంటున్నట్టు నటించింది.

ఇది చిట్టీ. చిట్టీ పాట. జర్మనీ బ్యాంకు కడుపులో కూర్చుని, జీతాల ఖాతాల మీద ఎవరో బంగారంలాంటి చిట్టీ నడుపుతున్నారు.

ఖమ్మం మామిళ్లగూడెంలో ఆమె తల్లి శారదాదేవి పదిహేడేళ్లు చిట్టీలు నడిపింది. నెల మొదటి ఆదివారం మూడింటికి ముందుగదిలో చాపలు పరిచేవాళ్లు. ఆడవాళ్లు ఒక్కొక్కరే చెప్పులు విప్పి, కొంగులు సర్దుకుంటూ వచ్చి కూర్చునేవాళ్లు. ఉల్లిపకోడీ వాసన వీధి మలుపుదాకా వచ్చేది. నాన్నకి ఆ పూట ఇంట్లో చోటు లేదు, ఆర్టీసీ డిపోలో పని లేకపోయినా పోయి కూర్చునేవాడు. పకోడీలు పంచడం, పాట దగ్గరపడినప్పుడు "ఒకటోసారి, రెండోసారి" అని అరవడం చిన్న కుముదిని పని. ఆ అరిచే హక్కు కోసం ఆమె ఎదురింటి పిల్లతో జుట్లు పట్టుకుని కొట్లాడింది.

ఇరవై మంది, మనిషికి వెయ్యి. ఇరవై వేలు పోగవుతాయి. ఎవరికి అవసరముందో వాళ్లు పాడాలి.

"వెయ్యి తగ్గించుకుంట శారదక్కా, ఈసారి నాకియ్యి."

"నేను పదిహేను వందలు తగ్గించుకుంట."

"రెండు వేలు. మా ఆయన బండి కొంటడంట."

"బండి వచ్చే నెల కూడా దొరుకుద్ది గానీ, ఇంకెవలన్న పాడతరా?" అని శారదాదేవి కళ్లజోడు పైనుంచి చూసేది.

ఎవరు ఎక్కువ తగ్గించుకుంటే వాళ్లకి ఆ నెల చిట్టీ. వాళ్లు వదులుకున్న రెండు వేలు అందరికీ సమంగా పంచుతారు. అంటే ఆ నెల ఒక్కొక్కరు వెయ్యికి బదులు తొమ్మిది వందలే కడతారు. మొదటి నెలది నడిపేవాళ్లకి. ఆఖరి నెల మిగిలినవాళ్లకి పాట లేకుండా, పైసా తగ్గకుండా మొత్తం వస్తుంది. అందుకే ఓపికున్నవాళ్లు ఆఖరిదాకా ఆగుతారు. నెలనెలా మొత్తం మారడం, ఆ నెల అందరిదీ ఒకటే కావడం అందువల్లే. తెర మీది ఆ నూట యాభై రెండులోనూ, నూట అరవై ఒకటిలోనూ కుముదినికి ఆడవాళ్ల గొంతులు వినిపించాయి. ఎంత బాగుండేవి ఆ ఆదివారాలు! శారదాదేవి పోయి ఆరేళ్లయింది. ఆ ముందుగది ఇప్పుడు అపార్ట్‌మెంటు కింద కార్లు పెట్టే చోటు. చిట్టీ అంటే ఇప్పటివాళ్లకి ఏసీ ఆఫీసూ, ఫోన్లో మెసేజీ.

ఉల్రికెని పిలిచి అంతా చెప్పింది. పకోడీల సంగతి కూడా చెప్పింది. ఉల్రికె ఓపికగా విని, ఒక్క ప్రశ్న అడిగింది.

"నువ్వు బొమ్మ చదువుతున్నావా, మీ ఇల్లు గుర్తుచేసుకుంటున్నావా?"

కుముదినికి చురుక్కుమంది. కోపం కూడా వచ్చింది. కానీ అడగాల్సిన ప్రశ్నే అడిగిందని తెలిసి ఊరుకుంది.

"ఇది చిట్టీ అనే అనుకుందాం. ఆఖరి నెల పాట లేదన్నావు. మరి ఒక్కొక్కరు ఎంత కట్టాలి?"

"మొదటి నెలలాగే రెండు వందలు. నడిమివాడితో కలిపి ఇరవై ఒక్కమందికి నాలుగు వేల రెండు వందలు."

"ఈ నెల అందరూ రెండు వందల పది పంపారు. అదెందుకు?"

కుముదిని గబగబా వెనక్కి నడిపించింది. ఉల్రికె చెప్పింది నిజమే. ఈ నెల ఒక్కటే కాదు, జనవరినుంచీ అంతే. లెక్క ప్రకారం రావాల్సినదానికన్నా ప్రతి నెలా కొంచెం ఎక్కువ వస్తోంది. సరిగ్గా నూటికి అయిదు. ఇండియాలో చిట్టీ కంపెనీలు తీసుకునే కమీషను నూటికి అయిదే.

అప్పుడు ఇంకొకటి కంటపడింది. జనవరినుంచి ఇరవై గీతలకి బదులు పందొమ్మిదే వస్తున్నాయి. కుడివైపు కింద ఒక చుక్క కట్టడం మానేసింది. చిట్టీ ఎత్తుకోకుండా మిగిలిపోయినది కూడా ఆ చుక్క ఒక్కటే. ఆఖరి వంతు దానిదే కావాలి. కానీ ఆఖరి మొత్తం దానికి పోలేదు, ఎక్కడో ఇండియాలో ఉన్న కొత్త ఖాతాకి పోతోంది.

కుముదిని బెదిరిపోయింది. చిట్టీ తెలియనివాళ్లకి ఇది వింతగా ఉంటుంది, తెలిసినవాళ్లకి మోసంలా ఉంటుంది. దొంగ చిట్టీలవాళ్లు చేసే పని సరిగ్గా ఇదే. ఎవడో మధ్యలో మానేస్తాడు, నడిపేవాడు ఆ చచ్చిన చిట్టీని గుట్టుగా సాగించి, ఆఖరున సొమ్మంతా తనవాళ్లకి మళ్లించుకుంటాడు. పైగా మధ్యలో కమీషను కూడా మొదలుపెట్టాడు. శారదాదేవి అయితే అలాంటివాణ్ణి వీధిలో నిలబెట్టి అడిగేది. ఆవిడ నియమం ఒకటే, మానేసినవాళ్లు కట్టినకాడికి తీసుకుని పోవాలి, అంతకుమించి పైసా లేదు.

అరగంట కిందట ఈ బొమ్మ చూసి కళ్లు తుడుచుకున్నందుకు ఆమెకి సిగ్గేసింది.

"అనుమానం ఉందని రాయనా?" అంది.

"గురువారందాకా టైముంది కదా," అంది ఉల్రికె.

ఆ సాయంత్రం వంటింట్లో బీన్స్ తుంచుతూ కూతురు ప్రతిమకి చిట్టీ అంటే ఏమిటో చెప్పింది. ఆఫీసు సంగతి కాదు, అమ్మమ్మ సంగతే. బీన్స్ ముక్కలు ఇరవై కుప్పలు పెట్టి పాట పాడి చూపించింది. ప్రతిమకి పద్నాలుగేళ్లు. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం జర్మన్‌లోనే ఇస్తుంది. అంతా విని, డబ్బు బాగా అవసరమైనవాళ్లకే అందరికన్నా తక్కువ వస్తుందన్నమాట, ఇది అన్యాయం కదమ్మా, అంది.

"అమ్మమ్మ ఉండంగ అట్ల కానిచ్చేది కాదే," అంది కుముదిని.

అన్నాక గాని అది ఆమెకే గుర్తురాలేదు. పోస్టాఫీసు వీధి సుగుణమ్మ భర్త ఆసుపత్రిలో ఉన్న నెల. ఆవిడ "రెండు వందలు తగ్గించుకుంట" అంది. అది పాటే కాదు, ఎవరైనా దాటేయొచ్చు. శారదాదేవి కళ్లజోడు తీసి ఒడిలో పెట్టుకుని, చాప మీద కూర్చున్న ఆడవాళ్లందరినీ ఈ చివరనుంచి ఆ చివరికి ఒకసారి చూసింది. ఎవరూ నోరు తెరవలేదు. బండి కొనాల్సినావిడ కూడా పకోడీ నమలడం ఆపేసింది. "కుమ్మీ, మూడోసారి అని అరువు," అంది తల్లి. నియమాల మనిషి, వీధిలో అందరూ పోలీసు శారదమ్మ అని చాటున పిలుచుకునే మనిషి, ఆ రోజు ఒక్క చూపుతో నియమం పక్కన పెట్టింది. ఆ చూపుని ఎవరూ ఎక్కడా రాయలేదు. అప్పట్లో ఎవరైనా బొమ్మ గీసి ఉంటే, ఆ నెల అందరూ దాదాపు పూర్తి మొత్తం కట్టినట్టు మాత్రం కనిపించేది.

కుముదిని బీన్స్ కుప్పలన్నీ ఒక్క చేత్తో గిన్నెలోకి తోసేసింది. మర్నాడు ఏం వెతకాలో ఆమెకి తెలిసింది.

బుధవారం పొద్దున అందరికన్నా ముందు ఆఫీసుకి పోయింది. నెలలన్నీ వరసగా పేర్చి చూసింది. పది నెలలదాకా పాట బాగానే సాగింది, నెలకి ఎనిమిది వందలనుంచి వెయ్యిదాకా తగ్గించుకుంటూ ఎత్తుకున్నారు. పదకొండో నెల మాత్రం అందరూ నూట తొంభై తొమ్మిది కట్టారు. అంటే ఎత్తుకున్న మనిషి తగ్గించుకున్నది ఇరవై ఒక్క యూరోలే. పన్నెండో నెల మళ్లీ మామూలే. ఆ ఒక్క నెల, ఎవరికోసమో, ఎవరూ పోటీకి రాలేదు.

తర్వాత ఆ కమీషను సంగతి చూసింది. నిన్న బెదిరిపోయి కూడటం మర్చిపోయింది, ఇప్పుడు కూడింది. ఈ నెల పందొమ్మిది మంది రెండు వందల పది చొప్పున పంపితే వచ్చింది మూడు వేల తొమ్మిది వందల తొంభై. ఇండియాకి బయలుదేరింది నాలుగు వేల రెండు వందలు. తక్కువ పడిన రెండు వందల పది నడిమివాడు తన జేబులోంచి వేశాడు. కమీషను తినేవాడు తనకి తాను కమీషను కట్టుకోడు. ఇరవై మంది తలా ఒక పది ఎక్కువ వేస్తే రెండు వందలు. కట్టడం మానేసిన చుక్క వాయిదా సరిగ్గా అంతే. జనవరినుంచీ వీళ్లంతా దాని వాయిదా పంచుకుని కడుతున్నారు.

ఎందుకన్నది మాత్రం బొమ్మలో లేదు.

ఉల్రికె రాగానే చూపించింది. ఆవిడ కాగితం మీద తనూ కూడుకుని, తల ఊపింది. అధికారులకి రాసి పంపాక ఖాతాదారుతో మాట్లాడకూడదు. పంపకముందు మాత్రం, బ్యాంకు తరఫున, ఒక్కసారి అడిగే వీలుంది.

"అడుగుదాం. నేను పక్కనుంటాను," అంది ఉల్రికె. అభిప్రాయం రాసేశారు కాబట్టి నడిమి చుక్క పేరు తెరిచారు. సృజన్, ఇరవై ఏడేళ్లు, ఉండేది క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్‌లో.

స్పీకర్ పెట్టి ఫోన్ చేశారు. కుముదిని జర్మన్‌లో బ్యాంకు పేరు చెప్పి, ఆ బదిలీలు దేనికని అడిగింది. అవతల కుర్రాడు బట్టీపట్టినట్టు, పుట్టినరోజు కానుకలు, అన్నాడు. అందరివీనా అని అడిగితే, అవును, అందరివీ, అన్నాడు. ఉల్రికె నుదురు రుద్దుకుంది. ఇంకో రెండు మాటలు ఇలాగే సాగితే ఫోన్ పెట్టేసి అనుమానం అని రాయడమే మిగులుతుంది.

"మా భాషలో అడగనా? ప్రతి మాటా నీకు చెబుతాను," అంది కుముదిని. ఉల్రికె సరేనంది.

"తమ్ముడూ, పదకొండో నెల పాట అంత తక్కువకి ఎట్ల పోయింది?"

అవతల తలుపు మూసిన చప్పుడు వచ్చింది.

"మేడమ్," అన్నాడు సృజన్ తెలుగులో. "మీది ఏ ఊరు?"

"ఖమ్మం. మా అమ్మ చిట్టీలు నడిపేది. అబద్ధం చెప్పకు, నీకే నష్టం."

"మాది సూర్యాపేట మేడమ్." ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. "ఆ నెల మా చిట్టీల ఉన్న నవ్యశ్రీకి జాబ్ పోయింది. రెండు నెలల కిరాయి బాకీ ఉండె, ఓనర్ ఇల్లు ఖాళీ చెయ్యమన్నడు. అందుకే ఎవ్వరం పాడలే. గిఫ్ట్ అని రాయమని నేనే చెప్పిన మేడమ్. చిట్టీ అని రాస్తే బ్యాంకోళ్లు అడుగుతరేమో అని."

"గిఫ్ట్ అని రాసినందుకే అడుగుతున్నం. నెలకో పుట్టినరోజేందయ్యా నీకు?" అంది కుముదిని. ఆ కుర్రాడు నవ్వలేదు. ఆమె గొంతు తగ్గించింది. "సరే గానీ, జనవరి నుంచి ఒకరు కడతలేరు. ఆయన వాయిదా మీరెందుకు కడుతున్నరు?"

"కట్టకపోవుడు కాదు మేడమ్. లేడు."

ఉల్రికెకి ఆ మాట అర్థం కాకపోయినా కుముదిని మొహం చూసి పెన్ను కింద పెట్టేసింది.

"చైతన్య. నా రూమ్‌మేట్, మా ఊరోడే," అన్నాడు సృజన్. "డిసెంబర్‌ల జ్వరమొచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నం. మెదడువాపు అన్నరు, నాలుగు రోజులే ఉన్నడు హాస్పిటల్‌ల. వాడు మొదటి నుంచి చెప్తుండె, ఆఖరి చిట్టీ నాదే, ఎవ్వరు అడగొద్దు, పూర్తిగ వస్తది, యూనివర్సిటీల పట్టా ఇచ్చే రోజుకి మా అమ్మకి టికెట్ కొని తీసుకొస్తా అని. పదహారు నెలలు కట్టిండు మేడమ్. నేను కట్టినకాడికి లెక్క తీసి ఇంటికి పంపుదామని గ్రూప్‌ల పెట్టిన. డ్రెస్డెన్‌ల తిరుపతయ్య అన్న ఉంటడు, మా అందరికన్న పెద్దోడు. ఆయన ఒక్కటే రాసిండు. చైతన్య చిట్టీ మానెయ్యలే, చనిపోయిండు, రెండూ ఒకటి కాదు అని. తలా పది వేసుకున్నం."

"ఇప్పుడు పంపింది..."

"వాళ్ల అమ్మకి. వెంకటరమణమ్మ. బడిల వంట చేస్తది మేడమ్, నాన్న లేడు. మొత్తం వాడే కట్టిండు, వాడి వంతు వచ్చింది అని చెప్పినం. మేం కలిపినమని తెలిస్తే ముట్టుకోదు. అసలే ఎవ్వరి కాడ రూపాయి తీసుకోని మనిషి. బ్యాంక్ ఆపింది అని చెప్పలే, ఏమనుకుంటదో అని. ఈ నాలుగైదు రోజులసంది రోజూ ఫోన్ చేస్తంది. పైసల కోసం కాదు మేడమ్. నా కొడుకు వంతు వచ్చిందా బిడ్డా అని అడుగుతది. అంతే."

కుముదిని "ఉండు తమ్ముడూ," అని ఫోన్‌ని మ్యూట్‌లో పెట్టి, ఉల్రికెకి జర్మన్‌లో చెప్పడం మొదలుపెట్టింది. తిరుపతయ్య మాట దగ్గర ఒకసారి, తల్లి అడిగే మాట దగ్గర ఒకసారి ఆగిపోయింది. ఈసారి కళ్లద్దాలు తుడుచుకుంటున్నట్టు నటించలేదు. ఏడ్చింది.

ఉల్రికె ఆమె తేరుకునేదాకా ఆగి, మిగతా పేర్లు తెరిచింది. కుడివైపు కింది చుక్క పేరు చైతన్య. ఇండియా ఖాతా వెంకటరమణమ్మది. ఇంటిపేరు రెండింటికీ ఒకటే. బ్యాంకు ఫైలులో చైతన్య ఖాతా జనవరిలో మరణం కారణంగా మూసేసినట్టు కూడా ఉంది. అన్నీ సరిపోయాయి.

"మంచివాళ్లే. కానీ ఇది నడపకూడదు," అంది ఉల్రికె. "అనుమతి లేకుండా ఇలా పోగుచేయడానికి బ్యాంకు ఒప్పుకోదు. ఉత్తరం వెళ్తుంది. ఆ సంగతి అతనికి చెప్పు."

కుముదిని చెప్పింది. మళ్లీ ఎప్పుడూ ఇలా మొదలుపెట్టొద్దని, బ్యాంకు ఉత్తరం వస్తే భయపడకుండా ఉన్నది ఉన్నట్టు రాయమని కాస్త గట్టిగానే చెప్పింది.

"ఇంక లేదు మేడమ్. ఇదే ఆఖరిది. అయిపోయింది," అన్నాడు సృజన్.

ఆ మాటకి ఆమెకి ఎందుకో దిగులేసింది. మామిళ్లగూడెంలో ఒక చిట్టీ అయిపోయిన నెల కూడా ఇలాగే ఉండేది. చాపలు చుట్టి గోడకి ఆనించాక ఆ గది ఎంతో పెద్దదైపోయేది. శారదాదేవి గుమ్మంలో కూర్చుని, వచ్చే నెల ఎవరెవరు ఉంటారో ఏమో, అనేది. వచ్చే నెల అందరూ ఉండేవాళ్లు. ఇప్పుడు ఆ చాప మీద కూర్చున్నవాళ్లలో ఎందరున్నారో కుముదినికి తెలియదు.

ఫోన్ పెట్టేశాక కేసు మూసే పని మిగిలింది. డబ్బు వదలాలంటే కంప్యూటరు అడిగే ప్రశ్నలకి జవాబులు రాయాలి. పంపినవారు ఎవరు, సృజన్. అందుకునేవారు ఎవరు, వెంకటరమణమ్మ. తర్వాతి ప్రశ్న దగ్గర కుముదిని ఆగింది. పంపినవారి చేతిమీదుగా వెళ్లినా, ఈ డబ్బుకి అసలు హక్కుదారు ఎవరు? ఎవరిది ఎంత? అక్కడ ఇరవై పేర్లయినా రాయొచ్చు.

ఆమె చైతన్య చుక్కని నొక్కింది. ఎంత అన్న చోట నాలుగు వేల రెండు వందలు అని కొట్టింది. తెర మీద ఆ మూలనున్న చుక్కనుంచి ఇండియా చుక్కకి ఒక కొత్త గీత పడింది.

వెనక నిలబడి చూస్తున్న ఉల్రికె దగ్గరికి వంగింది. "అతను పదహారు నెలలే కదా కట్టింది. మిగతా అయిదు నెలలదీ వాళ్లది."

"వాళ్లు అతనికి ఇచ్చేశారు. ఇక వాళ్లది కాదు," అంది కుముదిని.

లెక్కల విషయంలో పన్నెండేళ్లలో ఒక్క సెంటు తేడా కూడా ఒప్పుకోని మనిషి ఉల్రికె. ఆ గీతని ఈ చివరనుంచి ఆ చివరికి ఒకసారి చూసింది. తర్వాత కుముదిని భుజం మీదుగా చెయ్యి చాపి, తన సంతకానికి వాడే మీట తనే నొక్కింది. కొడుకు వంతు సూర్యాపేటకి బయలుదేరింది.